పగ్గం లేని బండి: హస్కీ, మాలమ్యూట్, సమోయెడ్‌ల స్వభావం ఎక్కడి నుంచి వచ్చింది?

క్లుప్తంగా: మంచు దేశాల స్లెడ్జి కుక్కలు, అంటే మంచు మీద జారే బండిని లాగేవి, చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటి పనులు వేరు, ఆ పని చేయించిన మనుషులు వేరు. హస్కీ తేలిక బండిని చాలా దూరం లాగింది. మాలమ్యూట్ బరువులు మోసింది. సమోయెడ్ రెయిన్‌డీర్ మందల పక్కన బతికింది. గ్రీన్‌లాండ్ కుక్క ఇప్పటికీ వేటగాడి బండినే లాగుతోంది. ఇంట్లో పెంచుకునేవారికి మొండితనంగా, పారిపోయే బుద్ధిగా కనిపించే గుణాల్లో చాలావరకు ఆ పనికి కావలసినవే. అయితే ఏ ఒక్క కుక్క స్వభావంలోనైనా జాతి వాటా జనం అనుకునేంత పెద్దది కాదని జన్యు పరిశోధన చెబుతోంది.

అలాస్కాలో స్లెడ్జి పందెం మొదలయ్యే చోట ముందుగా చెవిన పడేది గోల. పద్నాలుగు కుక్కల్ని రెండేసి చొప్పున ఒకే పొడవాటి తాడుకు తగిలిస్తుంటే అవి అరుస్తాయి, ఊళ పెడతాయి, ఉన్నచోటనే గాల్లోకి ఎగిరి పట్టీల మీద పడతాయి. కొన్ని తాడును కొరుకుతాయి. బండి కదలకుండా మంచులోకి ఇనుప కొక్కెం దించుతారు, అది చాలదని మనుషులు కూడా పట్టుకుంటారు. కొక్కెం పీకిన మరుక్షణం అంతా సద్దుమణుగుతుంది. బండి కింద మంచు గీసుకునే చప్పుడు, పాదాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. అప్పటిదాకా పెట్టిన గోలంతా ఎప్పుడు వదులుతారా అనే!

ఇదే రకం కుక్క ఊళ్లో ఒక ఫ్లాట్‌లో ఉంటే సోఫా చింపుతుంది, గేటు తీసి ఉంటే మాయమవుతుంది, పిలిస్తే వెనక్కి చూసి మళ్లీ ముందుకే పోతుంది. దొంగ వచ్చినా తోక ఊపుతుందని యజమానులు తల పట్టుకుంటారు. కుక్క తేడాగా ఉందా, పెంపకం తేడాగా ఉందా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. జవాబు కావాలంటే ఈ కుక్కలు చేసిన పనిని కాస్త దగ్గరగా చూడాలి.

పేర్లతోనే సగం గందరగోళం

‘హస్కీ’ మొదట్లో ఒక జాతి పేరు కాదు. ఉత్తర అమెరికా ధ్రువ ప్రాంతపు జనాన్ని తెల్ల వ్యాపారులు ‘ఎస్కిమో’ అని పిలిచేవారు. ఆ మాటే నోళ్లలో నలిగి ‘హస్కీ’ అయింది. తర్వాత మనుషుల పేరు పోయి వాళ్ల కుక్కల పేరుగా మిగిలింది. అందుకే ఇప్పటికీ మంచులో బండి లాగే ప్రతి కుక్కనూ హస్కీ అనేస్తుంటారు.

కాగితం మీద జాతిగా ఉన్నది సైబీరియన్ హస్కీ. కుక్క జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని 1930లో, అలాస్కన్ మాలమ్యూట్‌ను 1935లో గుర్తించింది. ‘అలాస్కన్ హస్కీ’ మాత్రం ఏ క్లబ్ పుస్తకంలోనూ ఉండదు. అది పందేల కోసం తరతరాలుగా కలుపుతూ వచ్చిన మిశ్రమం. చెవులు నిక్కి ఉండవచ్చు, వాలి ఉండవచ్చు, రంగు ఏదైనా కావచ్చు. నేటి పెద్ద పందేల్లో గెలిచేవి ఎక్కువగా ఇవే. ఫొటోల్లో మనం ముచ్చటపడే నీలికళ్ల హస్కీలు ఆ పందేల్లో అరుదుగా కనిపిస్తాయి.

హస్కీకీ మాలమ్యూట్‌కీ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. మగ సైబీరియన్ హస్కీ 20 నుంచి 27 కిలోలు తూగుతుంది. మగ మాలమ్యూట్‌కు ప్రమాణంగా చెప్పే బరువు 38 కిలోలు. హస్కీ కళ్లు గోధుమ రంగువి కావచ్చు, నీలివి కావచ్చు, ఒకటి అది, ఒకటి ఇది కూడా కావచ్చు. మాలమ్యూట్‌కు నీలి కన్ను ఉంటే ప్రదర్శన పోటీ నుంచి తప్పిస్తారు. హస్కీ తోక నక్క తోకలా ఉంటుంది, మాలమ్యూట్ తోక వీపు మీద కుచ్చులా ఊగుతుంది.

తోడేలు రక్తమనే మాట

ఈ కుక్కల గురించి ఎక్కువగా వినిపించే అపోహ, వీటిలో సగం తోడేలు ఉందనేది. సైబీరియా ఉత్తర కొసన జోఖోవ్ అనే దీవి ఉంది. అక్కడ దొరికిన కుక్క ఎముక దాదాపు 9,500 ఏళ్ల నాటిది. దాని జన్యువుల్ని నేటి స్లెడ్జి కుక్కలతో పోల్చిన అధ్యయనం 2020లో వచ్చింది. నేటి ధ్రువపు కుక్కలు ఆ పాత కుక్కకు దగ్గరి చుట్టాలని, అంత కాలంలో అమెరికా ధ్రువ తోడేళ్ల రక్తం వీటిలోకి చెప్పుకోదగ్గ స్థాయిలో చేరలేదని అందులో తేలింది. అంటే ఇవి తోడేలు నుంచి నిన్నగాక మొన్న విడిపోయినవి కావు. మనిషి పక్కన పని చేస్తూ, అన్నిటికన్నా ఎక్కువ కాలం ఒక పద్ధతిలో స్థిరపడిన కుక్కల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి.

ఆ అధ్యయనంలో తిండికి సంబంధించిన విషయం కూడా ఒకటుంది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు వ్యవసాయం చేసిన ప్రాంతాల కుక్కల్లో చాలా ప్రతులుగా పెరిగింది. ధ్రువపు కుక్కల్లో అంతగా పెరగలేదు. వాటి బదులు కొవ్వును వాడుకునే జన్యువుల్లో మార్పులు వచ్చాయి. సీల్ మాంసం, చేపలు తిని బతికిన కుక్కకీ, మన ఇళ్లలో పెరుగన్నం తిని పెరిగిన ఊరకుక్కకీ పొట్ట దగ్గరే తేడా మొదలవుతుందన్నమాట.

పగ్గం లేదు, ముకుతాడు లేదు

స్వభావం సంగతికి వస్తే, అసలు కీలకం బండి కట్టే పద్ధతిలో ఉంది.

ఎడ్లబండి తోలే మనిషి చేతిలో పగ్గాలుంటాయి. లాగితే ముకుతాడు బిగిసి ఎద్దు తిరుగుతుంది. గుర్రానికి కళ్లెం ఉంది. స్లెడ్జి కుక్కకు ఇవేమీ లేవు. దాని పట్టీ లాగడానికే తప్ప తిప్పడానికి కాదు. బండి మీద నిలబడ్డ మనిషికీ, అన్నిటికన్నా ముందున్న కుక్కకీ మధ్య పదిహేను ఇరవై మీటర్ల దూరం ఉంటుంది. ఆ దూరాన్ని దాటేది మాట ఒక్కటే. అలాస్కాలో కుడికి ‘జీ’, ఎడమకు ‘హా’, కదలమనడానికి ‘హైక్’, ఆగమనడానికి ‘వో’, దేన్నీ పట్టించుకోకుండా దాటిపొమ్మనడానికి ‘ఆన్ బై’ అంటారు. జీ, హా అన్నవి ఇంగ్లిష్ మాట్లాడే రైతులు ఎడ్లకీ గుర్రాలకీ వాడిన పాత కేకలే. మంచులోకి వచ్చేసరికి మాటలు మిగిలాయి, పగ్గాలు పోయాయి.

జట్టులో అన్ని కుక్కలకూ ఒకే పని ఉండదు. అన్నిటికన్నా ముందుండేవి దారి చూపే కుక్కలు. వాటి వెనకవి మలుపు దగ్గర జట్టంతా ఒకేసారి అడ్డంగా కోసుకుపోకుండా వంపు పట్టిస్తాయి. బండికి ఆనుకుని ఉండేవి బరువు కుదుపును ముందుగా భరిస్తాయి కాబట్టి వాటిని గట్టి ఒళ్లున్నవాటిలోంచి ఎంచుకుంటారు. వలపట ఏ ఎద్దు, దాపట ఏ ఎద్దు అని చూసి కాడి కట్టిన రైతుకు ఈ ఏర్పాటు వివరించక్కర్లేదు.

దారి చూపే కుక్క మాట వినాలి. కానీ ప్రతి మాటా వింటే పనికిరాదు. గడ్డకట్టిన నది మీద పల్చటి మంచు ఎక్కడుందో, పైన కప్పిన మంచు కింద నీరు ఎక్కడ ఊరుతోందో మనిషికన్నా ముందు కుక్క పాదానికి, ముక్కుకు తెలుస్తుంది. ‘నేరుగా పో’ అన్నా అది పక్కకు తిరిగితే, అనుభవమున్న మషర్, అంటే బండి నడిపే మనిషి, కోప్పడడు. ముందు కిందికి చూస్తాడు. అలా తిరగని కుక్క తనతో పాటు జట్టునూ మనిషినీ నీళ్లలోకి తీసుకుపోతుంది, దాని సంతానం అక్కడితో ఆగిపోతుంది. వేల ఏళ్లు ఈ వడపోత సాగింది. ఫ్లాట్‌లో ‘కూర్చో’ అన్నప్పుడు హస్కీ ఒక్క క్షణం ఆగి, దీనివల్ల నాకేంటి అన్నట్టు చూసే చూపు వెనక ఈ చరిత్ర ఉంది.

జట్టులో పక్కపక్కనే భుజాలు రాసుకుంటూ పరిగెత్తాలి కాబట్టి తోటి కుక్కతో కొట్లాడేది నిలవదు. దారిలో మజిలీల దగ్గర కొత్త మనుషులు, పందేల్లో అయితే పశువైద్యులు, కాళ్లు ఎత్తి గోళ్ల మధ్య చూస్తారు, నోరు తెరిచి చూస్తారు. కొత్త చెయ్యి తగిలితే కరిచే కుక్క అక్కడ భారమే. హస్కీ కాపలాకు పనికిరాదనే ఫిర్యాదుకు మూలం ఇదే. సైబీరియన్ హస్కీ జాతి ప్రమాణంలోనే దీనికి కాపలా కుక్కకుండే సొంతదారు బుద్ధి లేదని, కొత్తవారిపై మితిమీరిన అనుమానం ఉండదని రాసి ఉంది. కాపలా కోసం హస్కీని కొనడం, పాల కోసం కాడెద్దును కొన్నట్టే.

చుక్చీల కుక్క నోమ్ చేరిన కథ

సైబీరియన్ హస్కీ పూర్వీకులు ఈశాన్య సైబీరియాలోని చుకోట్కా ప్రాంతపు చుక్చీ జనానివి. వాళ్లకు కావలసింది తక్కువ తిండితో, తేలిక బరువును ఒక మోస్తరు వేగంతో చాలా దూరం లాగే కుక్క. ఒక్కసారిగా బలం చూపించేదాని కన్నా రోజంతా ఒకే అడుగు వేసేది వాళ్లకు మేలు.

అలాస్కాలో బంగారం కోసం పుట్టిన ఊరు నోమ్. అక్కడ 1908లో ‘ఆల్ అలాస్కా స్వీప్‌స్టేక్స్’ అనే పందెం మొదలైంది. నోమ్ నుంచి క్యాండిల్ వరకు వెళ్లి తిరిగి రావాలి, మొత్తం 408 మైళ్లు, అంటే సుమారు 656 కిలోమీటర్లు. 1909లో రష్యన్ వ్యాపారి విలియం గూసాక్ చుకోట్కా కుక్కల జట్టును దింపితే, ఇంత చిన్న కుక్కలా అని జనం ‘సైబీరియన్ ఎలుకలు’ అని ఎగతాళి చేశారని చెబుతారు. ఆ ఎలుకలు మూడో స్థానంలో వచ్చాయి. 1910లో జాన్ జాన్సన్ అలాంటి కుక్కలతోనే 74 గంటల చిల్లరలో పందెం ముగించి గెలిచాడు. ఎగతాళి అక్కడితో సరి.

ఈ కథలో పెద్ద పేరు లియోన్‌హార్డ్ సెప్పలా. నార్వే నుంచి వచ్చిన ఈ మషర్ 1915, 1916, 1917లలో వరసగా మూడుసార్లు ఆ పందెం గెలిచాడు. ఆయన కుక్క టోగో చరిత్ర చూస్తే హస్కీ స్వభావం మొత్తం ఒక్క జంతువులో కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు పొట్టిగా, జబ్బుగా, కుదురు లేకుండా ఉందని సెప్పలా దాన్ని పెంచుకోమని వేరే ఇంటికి ఇచ్చేశాడు. అది కిటికీ అద్దం పగలగొట్టుకుని, మైళ్ల దూరం పరిగెత్తి, కుక్కల కొట్టం దగ్గరికి తిరిగొచ్చింది. తర్వాత కూడా కట్టు తెంచుకుని జట్ల వెంటపడి అల్లరి చేస్తుంటే విసిగిపోయి పట్టీ వేసి చూశారు. మొదటి రోజే జట్టు ముందుకు చేరిందని చెప్పుకుంటారు. ఇంట్లో ఉన్నంతకాలం ‘పారిపోయే కుక్క’ అనిపించుకున్నది, పట్టీ పడగానే ‘దారి చూపే కుక్క’ అయింది. గుణం మాత్రం అదే.

1925 జనవరిలో నోమ్‌లో డిఫ్తీరియా సోకింది. రైలు చివరి స్టేషన్ నెనానా నుంచి నోమ్‌కు 674 మైళ్లు, సుమారు 1,085 కిలోమీటర్లు. ఇరవై మంది మషర్లు, దాదాపు 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ మందును ఐదున్నర రోజుల్లో చేర్చారు. మధ్యలో షాక్టూలిక్ ఊరి దగ్గర హెన్రీ ఇవనాఫ్ జట్టు రెయిన్‌డీర్‌కు ఎదురుపడి తాళ్లన్నీ చిక్కుపడ్డాయి. వాటిని విడదీస్తుండగా, మందు అందుకోవడానికి నోమ్ నుంచి ఎదురొస్తున్న సెప్పలా తుఫానుకు పోటీగా దూసుకొస్తూ కనిపించాడు. ఆయన ఆగకుండా దాటిపోబోతుంటే ఇవనాఫ్ మందు తన దగ్గరే ఉందని కేకలు పెట్టి ఆపాడు. ఈ చిన్న సంఘటనలో రెండు విషయాలున్నాయి. ఎంత పని నేర్చిన కుక్కకైనా వేట జంతువు కళ్లబడితే తాళ్లు గుర్తుండవు. పరుగులో ఉన్న జట్టును ఆపడం మనిషికి కూడా అంత తేలిక కాదు.

సెప్పలా మందు తీసుకుని అదే రోజు నార్టన్ సౌండ్ అనే సముద్రపు పాయను, గడ్డకట్టిన నీటి మీదుగా, టోగో దారి చూపగా, మళ్లీ దాటాడు. నోమ్ నుంచి ఎదురెళ్లిన దూరంతో కలిపి టోగో జట్టు పరిగెత్తింది 260 మైళ్లకు పైగానే. అప్పటికి టోగోకు పన్నెండేళ్లు. చివరి అంచెలో గున్నార్ కాసెన్ జట్టును నడిపించి ఊళ్లోకి అడుగుపెట్టిన కుక్క బాల్టో. పేరంతా దానికే వచ్చింది, ఆ ఏడాది డిసెంబర్‌కల్లా న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహమూ లేచింది. బాల్టో కూడా సెప్పలా కుక్కే. ఆయన లెక్కలో అది సరుకు బండ్లకు సరిపోయే మామూలు కుక్క, పందెపు జట్టులోకి తీసుకోలేదు. మామూలు కుక్క కూడా తుఫానులో దారి తప్పకుండా వచ్చిందంటే, ఆ నాటి కుక్కల సగటు ఎక్కడుందో ఊహించవచ్చు.

బాల్టోకు చిన్నప్పుడే బీజాలు తీయించారు, దానికి సంతానం లేదు. టోగో రక్తం మాత్రం నేటి సైబీరియన్ హస్కీల్లో ఉంది. క్లీవ్‌లాండ్ మ్యూజియంలో భద్రపరిచిన బాల్టో చర్మం నుంచి తీసిన డీఎన్ఏను పరిశీలించిన అధ్యయనం 2023లో వచ్చింది. బాల్టోలో తోడేలు జాడ కనిపించలేదు. నేటి జాతి కుక్కలకన్నా దానిలో జన్యు వైవిధ్యం ఎక్కువ. జాతుల వంశం రాసే రికార్డు పుస్తకాలు పుట్టాక కుక్కలు చూపుకు మెరుగయ్యాయి, రక్తంలో ఇరుకయ్యాయి.

బరువు లాగినది, మంద కాసినది

మాలమ్యూట్ పేరు అలాస్కా వాయవ్యాన కోట్జబ్యూ సౌండ్ తీరంలో ఉండే మాలెమ్యూట్ ఇనూపియాట్ జనం నుంచి వచ్చింది. హస్కీ పరుగు బండి అయితే ఇది సరుకు లారీ. వేటలో పడిన పెద్ద జంతువుల మాంసాన్ని, సామాన్లను నెమ్మదిగా లాక్కురావడం దీని పని. మనుషులతో కలివిడిగా ఉంటుంది, ఒక్క యజమానికే అంటుకుపోదు. తోటి కుక్కల దగ్గర, ముఖ్యంగా తనలాంటి మగ లేదా తనలాంటి ఆడ కుక్క దగ్గర, హస్కీ అంత సర్దుబాటు చూపించదు. 38 కిలోల జంతువు తిండి గిన్నె దగ్గర పట్టు పడితే విడదీయడం మాటలు కాదు. హస్కీ పెద్ద సైజులో దొరికింది కదా అని మాలమ్యూట్‌ను కొన్నవారికి ఎదురయ్యే మొదటి షాక్ ఇదే.

సమోయెడ్ దారి వేరు. వాయవ్య సైబీరియాలోని నెనెట్స్ జనాన్ని బయటివారు ఒకప్పుడు సమోయెడ్‌లనేవారు. వాళ్లవి రెయిన్‌డీర్ మందలు. మంద కాయడం, కొంత బండి లాగడం, రాత్రిళ్లు గుడారంలో మనుషుల పక్కన పడుకోవడం దీని జీవితం. అందుకే ఇది మిగతావాటికన్నా మనిషికి దగ్గరగా మసలుతుంది, ఒంటరిగా ఉండలేదు, మంద కాసే కుక్కల్లా గట్టిగా మొరుగుతుంది కూడా. పెదవుల కొసలు పైకి తిరిగి నవ్వుతున్నట్టు ఉండటం వల్ల దీన్ని బొమ్మలా చూస్తారు. ఊడిన మెత్తటి వెంట్రుకల్ని నూలుగా వడికి అల్లేవారు కూడా ఉన్నారు. ఇంట్లో అంత వెంట్రుక రాలుతుందని దానర్థం.

గ్రీన్‌లాండ్‌లో ఇంకా నౌకరీలో ఉన్నది

పైన చెప్పిన మూడూ ఇప్పుడు ఎక్కువగా ఇంటి కుక్కలు, ప్రదర్శన కుక్కలు. గ్రీన్‌లాండ్ కుక్కది ఇంకా పాత బతుకే. అక్కడి భాషలో దీన్ని ‘క్విమ్మెక్’ అంటారు. ఊరి చివర రాళ్ల మీద గొలుసులతో కట్టి ఉంచుతారు. పిల్లలుగా ఉన్నప్పుడు వదిలేసినా, ఒక వయసు దాటాక కట్టాల్సిందే. కట్టి ఉన్న కుక్కను ముద్దు చేయబోవద్దని పర్యాటకులకు ముందే చెబుతారు.

బండి కట్టే తీరు కూడా వేరు. అలాస్కాలో దారి చెట్ల మధ్య ఇరుకుగా ఉంటుంది కాబట్టి కుక్కలు రెండేసి చొప్పున వరసలో పోతాయి. గ్రీన్‌లాండ్‌లో ఎదురుగా ఉన్నది విశాలమైన సముద్రపు మంచు. అక్కడ ఒక్కో కుక్కకు ఒక్కో తాడు, అన్నీ విసనకర్ర ఆకుల్లా విచ్చుకుంటాయి. పగుళ్ల మధ్య ఒక్కో కుక్క తన దారి తను చూసుకుంటుంది. పరుగులోనే పక్కదాని తాడు మీద దూకుతాయి, చిక్కులు పడతాయి, స్థానాల కోసం కోరలు చూపించుకుంటాయి. సర్దుకుపోవడం కన్నా తట్టుకోవడం ముఖ్యమైన చోట హస్కీ మృదుత్వం ఎంపిక కాలేదు. ఇది రెండు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూసి చెప్పే అంచనా. అయినా ఈ రెండు కుక్కల్నీ చూసినవారికి కొత్తగా అనిపించదు.

ఈ కుక్కల చరిత్రలో కఠినమైన పేజీలూ ఉన్నాయి. రోల్డ్ అముండ్‌సెన్ 1911లో దక్షిణ ధ్రువానికి 52 గ్రీన్‌లాండ్ కుక్కలతో బయల్దేరాడు, తిరిగొచ్చినవి 11. దారిలో కొన్నిటిని చంపి మిగతావాటికీ మనుషులకూ తిండిగా వాడాలన్నది ముందే వేసుకున్న లెక్క. పర్యావరణ ఒప్పందం ప్రకారం 1994 నాటికి అంటార్కిటికా నుంచి కుక్కలన్నిటినీ తరలించారు. సీల్‌లకు కుక్కల రోగాలు అంటుతాయన్న భయం అందుకు ఒక కారణం.

జాతి ఎంత, కుక్క ఎంత

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, హస్కీ అయితే ఇలాగే ఉంటుందని తీర్మానించడం తొందరపాటు. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల యజమానుల జవాబుల్ని, 2 వేలకు పైగా కుక్కల జన్యువుల్ని పరిశీలించిన పెద్ద అధ్యయనం 2022లో వెలువడింది. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతితో వివరించగలిగినది 9 శాతం దగ్గరే ఆగింది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో ఒకటి పిరికిది, ఒకటి తుంటరిది కావడం కుక్కలు పెంచినవారికి తెలిసిందే.

ఇందులో ఒక మెలిక ఉంది. గుణాలన్నిటిలో జాతి ప్రభావం కాస్త గట్టిగా కనిపించినది, మనిషి ఆదేశానికి స్పందించే గుణం. బెదిరించినప్పుడు ఎంత త్వరగా కోపం వస్తుందన్న విషయంలో జాతిని బట్టి చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. అంటే, హస్కీ మాట తక్కువ వింటుందన్న పేరుకు కొంత ఆధారం ఉండవచ్చు. తోడేలులా ఉంది కాబట్టి ప్రమాదకరమన్న భయానికి ఆధారం లేదు.

పందెపు కుక్కల మీద 2010లో వచ్చిన మరో పరిశోధన ఇంకో కోణం చూపిస్తుంది. అలాస్కన్ హస్కీల్లో ఏ జాతి రక్తం ఏ గుణంతో కలిసి కనిపిస్తుందో అందులో లెక్కించారు. దమ్ము విషయంలో మాలమ్యూట్, సైబీరియన్ హస్కీ వాటా తేలింది. వేగానికి పాయింటర్, సలూకీ. పని మీద శ్రద్ధకు వచ్చిన పేరు మాత్రం ఎవరూ ఊహించనిది: టర్కీలో గొర్రెల మందల్ని కాపాడే అనటోలియన్ షెపర్డ్. జాతి స్వచ్ఛత గురించి గట్టిగా మాట్లాడేవారికి ఈ జాబితా కొంచెం ఇబ్బందే.

ఒంట్లో ఉన్న యంత్రం

నోమ్ వరకు సాగే ఇడిటరాడ్ పందెం 1973లో మొదలైంది, దూరం సుమారు 1,600 కిలోమీటర్లు. ఇప్పుడు గెలిచే జట్లు తొమ్మిది పది రోజుల్లో ముగిస్తున్నాయి. ఆ రోజుల్లో ఒక్కో కుక్క రోజుకు 10 వేల కిలోకేలరీల దాకా ఖర్చు చేస్తుంది. అంతే బరువున్న ఇంటి కుక్కకు వెయ్యి, వెయ్యిన్నర చాలు. మనిషి మారథాన్‌లో కండరాల్లో దాచుకున్న చక్కెర అయిపోగానే కూలబడతాడు. ఈ కుక్కల ఒళ్లు మొదటి ఒకట్రెండు రోజుల పరుగు తర్వాత తీరు మార్చుకుని, కండరాల నిల్వల్ని అంతగా ముట్టకుండా నడుస్తుందని ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గమనించారు. అంటే, పరిగెత్తే కొద్దీ కుదురుకునే యంత్రం ఇది. రోజూ అరగంట వాకింగ్‌తో దీన్ని అలసగొట్టాలనుకోవడం వృథా. తీరని ఆ శక్తి సోఫా మీదకు, చెప్పుల మీదకు పోతుంది.

వేట బుద్ధికి కూడా ఇలాంటి మూలమే ఉంది. రష్యా తూర్పు కొసనున్న కమ్చట్కా లాంటి చోట్ల వేసవిలో, మంచు లేని కాలంలో, కుక్కల్ని వదిలేసేవారు. అవి నదుల్లో చేపలు పట్టుకుని, దొరికినదాన్ని వేటాడి బతికి, చలికాలానికి మళ్లీ బండికి వచ్చేవి. అలా బతకగలిగిన కుక్కల వంశం పిల్లినో కోడినో చూసి ఊరుకోదు.

ఇక ఎండ. రెండు పొరల జూలు, పాదాల్లో వేడిని వృథా కానివ్వని రక్తనాళాల అల్లిక, ఇవన్నీ వేడిని లోపల దాచడానికి పుట్టిన ఏర్పాట్లు. బయటికి పంపడానికి కుక్కకు ఉన్న ముఖ్యమైన దారి రొప్పడం. నాలుక మీది తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాల్లో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు. కాబట్టి రామగుండం 44 డిగ్రీల పొడి ఎండ ఒక రకం ప్రమాదమైతే, విశాఖపట్నం 35 డిగ్రీల ఉక్కపోత మరో రకం. థర్మామీటర్‌లో తక్కువ చూపిస్తోంది కదా అని సముద్ర తీరంలో మధ్యాహ్నం తిప్పితే వడదెబ్బ తగలవచ్చు. జూలు గొరిగించడం కూడా పరిష్కారం కాదు. పై పొర ఎండను చర్మానికి తగలనివ్వదు, గొరిగితే సరిగ్గా మొలవకపోవచ్చు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో పెంచేవారు వేడి సమస్యను కొంత దాటుతారు, కానీ అదే గది పరుగు సమస్యను పెంచుతుంది.

చట్టం వైపు నుంచి కూడా ఒక గందరగోళం ఉంది. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల్ని ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ, వాటి అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో సైబీరియన్ హస్కీ లేదు. తోడేలు, కుక్క కలిపి పుట్టించిన సంకరాలు మాత్రం ఉన్నాయి. నీలి కళ్లు, బూడిద రంగు చూసి ఈ రెండిటినీ ఒకటిగా కలిపేసినవారికి కంగారు తప్పలేదు. తర్వాతి నెలలోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఆ ఆదేశాన్ని కొట్టేశాయి. విదేశాల్లో తంటా ఇంకో రకంగా వచ్చింది. తోడేళ్లు ప్రధానంగా కనిపించే ఒక టీవీ సీరియల్ ఊపులో 2010ల్లో బ్రిటన్, అమెరికాల్లో హస్కీలకు గిరాకీ పెరిగింది. తర్వాత సంరక్షణ కేంద్రాలకు చేరినవీ అలాగే పెరిగాయి.

పని పోయినప్పుడు

ఈ స్వభావాల్ని తీర్చిదిద్దిన పనే ఇప్పుడు తగ్గిపోతోంది. 1960ల నుంచి మంచు మీద నడిచే మోటారు బండ్లు వచ్చాయి. వాటికి రోజూ సీల్ మాంసం పెట్టక్కర్లేదు. కెనడాలో ధ్రువ ప్రాంతపు ఆదిమ జనమైన ఇన్యూట్‌ల కుక్కల సంఖ్య 1970ల నాటికి కొన్ని వందలకు పడిపోయింది. అక్కడ యంత్రమొక్కటే కారణం కాదు. 1950ల నుంచి పోలీసులు, అధికారులు ఇన్యూట్ జనం కుక్కల్ని వేల సంఖ్యలో కాల్చి చంపారు. కుక్క పోతే వేట పోయింది, వేట పోతే ఊరు వదిలి ప్రభుత్వం చూపిన చోట ఉండక తప్పలేదు. దీనికి కెనడా ప్రభుత్వం 2019లో ఒక ప్రాంతపు ఇన్యూట్ జనానికి, 2024లో క్యూబెక్ ఉత్తరాన ఉన్న నునావిక్ జనానికి క్షమాపణ చెప్పింది.

గ్రీన్‌లాండ్‌లో 2002 ప్రాంతంలో 25 వేలున్న కుక్కలు 2020 నాటికి 13 వేలకు తగ్గాయి. సముద్రపు మంచు ఆలస్యంగా గడ్డకట్టి త్వరగా కరిగితే, బండి తోలే రోజులు తగ్గుతాయి, పని లేని రోజుల్లో కూడా కుక్కకు తిండి పెట్టాలి. ఆ లెక్క కుదరక జట్లు తగ్గిస్తున్నారు. మరోవైపు, ఈశాన్య గ్రీన్‌లాండ్‌ను కాచే డెన్మార్క్ సైన్యపు ‘సిరియస్’ గస్తీ దళం 1950 నుంచి నేటికీ కుక్కల బండ్ల మీదే తిరుగుతోంది. ఇద్దరేసి మనుషులు, ఒక జట్టు కుక్కలు. నెలల తరబడి ఊరు కనిపించని చోట మోటారు చెడిపోతే బాగుచేసేవాడుండడు. కుక్క అయితే రాత్రి ధ్రువపు ఎలుగు వచ్చినా మొరిగి లేపుతుంది.

జాతి చెడకుండా గ్రీన్‌లాండ్‌లో ఒక నియమం పాటిస్తున్నారు. ఆర్కిటిక్ వృత్తానికి ఉత్తరాన, తూర్పు తీరంలో స్లెడ్జి కుక్క తప్ప వేరే జాతి కుక్కను రానివ్వరు. అక్కడ పుట్టిన కుక్క ఒకసారి ఆ గీత దాటి దక్షిణానికి వెళ్తే, ఎంత మంచి జట్టుకు ముందు నడిచినదైనా సరే, మళ్లీ వెనక్కి తీసుకోరు.